లింగర్: ఒకే పాట, రెండు విడుదలలు

పోయిన శనివారం కారులో వస్తుంటే రేడియోలో 'లింగర్' పాట వచ్చింది. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "నాన్నా, ఈవిడ మా టీచర్‌లాగే పలుకుతోందే!" అంది. నిజమేనండీ, పాడింది లిమెరిక్ ఆవిడే. ఇవాళ ఆ పాట కథ చెప్పుకుందాం.

'ది క్రాన్‌బెరీస్' 1989లో లిమెరిక్‌లో మొదలైన బృందం. గిటార్ నోయెల్ హోగన్, బేస్ గిటార్ ఆయన తమ్ముడు మైక్, డ్రమ్స్ ఫెర్గల్ లాలర్. మొదటి గాయకుడు వెళ్ళిపోయాక, 1990లో బ్యాలీబ్రికెన్ అనే పల్లె నుంచి డోలొరెస్ ఓరియర్డన్ వచ్చింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. నోయెల్ ఒక బాణీ ఉన్న క్యాసెట్టు ఇచ్చి పంపితే, కొద్ది రోజుల్లో దానికి మాటలు కట్టుకుని తిరిగొచ్చింది. అదే 'లింగర్'. తొలి ప్రేమలో మోసపోయినా ఆ అబ్బాయిని మరచిపోలేని పిల్ల గోడు, అంతే!

ఇక్కడ 'సింగిల్' అంటే ఏమిటో చెప్పాలి. ఆ రోజుల్లో మన సినిమా పాటలన్నీ ఒకే క్యాసెట్టులో వచ్చేవి కదా. ఇక్కడి పద్ధతి వేరు. ఆల్బమ్‌లోంచి ఒక పాటను ముందుగా, విడిగా అమ్మేవారు. రేడియోవాళ్ళు దాన్ని వేసేవారు. ఆ వారం ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో లెక్కచూసి చార్టులో స్థానం ఇచ్చేవారు. మొదటి వారాల్లో జనం పట్టించుకోకపోతే ఆ పాట పని అయిపోయినట్టే.

'లింగర్'కీ అదే జరిగింది. ఐలండ్ రికార్డ్స్ అంత పెద్ద కంపెనీ, ప్రొడ్యూసర్ స్టీఫెన్ స్ట్రీట్. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ 1993 ఫిబ్రవరిలో విడుదలైతే బ్రిటన్ చార్టులో 74వ స్థానం దగ్గరే ఆగిపోయింది. మార్చిలో వచ్చిన ఆల్బమ్‌ను కూడా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

సరే, ఆ ఏడాదే బృందం అమెరికా వెళ్ళింది. 'ది ద', 'స్వేడ్' బృందాల కచేరీలకు ముందు వీళ్ళు పాడేవారు. ఈలోగా ఎంటీవీ 'లింగర్' నలుపు తెలుపు వీడియోను పదే పదే వేయడం మొదలుపెట్టింది. 1994 మొదట్లో పాట అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 8వ స్థానానికి చేరింది. ఆ ఊపులో బ్రిటన్‌లో మళ్ళీ విడుదల చేస్తే ఈసారి 14వ స్థానం! మా ఐటీ భాషలో చెప్పాలంటే, కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ రిలీజ్ చేశారన్నమాట. లోపం పాటలో లేదు, అది వినేవాళ్ళ దాకా వెళ్ళకపోవడంలో ఉంది.

ఇంకో సంగతి. ఇంగ్లీషు పాట అనగానే అమెరికా యాస అరువు తెచ్చుకునే గాయకులు చాలామంది. డోలొరెస్ మాత్రం తన లిమెరిక్ యాసను దాచుకోలేదు. 74 వచ్చినప్పుడూ అదే గొంతు, 14 వచ్చినప్పుడూ అదే గొంతు. 2018 జనవరిలో, 46 ఏళ్ళకే ఆమె లండన్‌లో కన్నుమూస్తే, అంత్యక్రియలు ఆ బ్యాలీబ్రికెన్‌లోనే జరిగాయి.

ఈ కథ నాకెందుకు పట్టిందంటే, ఇక్కడికొచ్చిన కొత్తలో ఎవరైనా "మళ్ళీ చెప్పండి" అంటే చాలు, ఆ మీటింగంతా నేను నోరు విప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు మా అమ్మాయి, "స్కూలు గేటు దగ్గర తెలుగులో పిలవద్దు నాన్నా" అంటోంది. తప్పు పిల్లది కాదులెండి. ఫోనులో నేను యాస మార్చి మాట్లాడటం రోజూ వింటూనే ఉంది కదా!

కారులో ఇదంతా చెప్తే కాసేపు ఆలోచించి, "మరి 74 వచ్చాక ఆవిడ వేరేలా పాడలేదా?" అని అడిగింది.

"లేదమ్మా. అదే పాట, అదే గొంతు."

సోమవారం పొద్దున గేటు దగ్గర దిగుతూ "వెళ్ళొస్తా నాన్నా" అంది. కాస్త మెల్లగానే అనుకోండి. నాకు వినిపించింది.

ఉంటానండీ, సెలవు.