సముద్రం లేని సీమకు చెరువే రేవు

అక్టోబరు వస్తానే పేపర్లలో పిట్టల ఫొటోలు మొదలైతాయి. పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగినాయని ఒకరు, కాకినాడ రేవు పక్కన బురదనేలల్లో విదేశీ పిట్టలు వాలినాయని ఇంకొకరు రాస్తారు. మన అనంతపురం పిల్లోళ్లు కూడా వాటిని స్టేటస్‌లో పెట్టుకుంటాండారు. పెట్టుకోండి, మంచిదే. నాదొక్కటే ప్రశ్న: మీ ఊరి చెరువులో ఈ వారం ఏ పిట్ట దిగిందో మీలో ఎంతమందికి తెలుసు?

ఈ మాట అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే. "మనది కరువు సీమ కదన్నా, తాగేదానికే నీళ్లు లేని చోటికి పిట్టలేమిటికి వస్తాయి?" వస్తాయి తమ్ముడూ. ఏమిటికి వస్తాయో, ఎప్పుడు వస్తాయో, ఏ ఏడు రావో తెలుసుకుంటే మన నీళ్ల కథంతా తెలుస్తుంది. నేను చెరువుల గురించి మాట్లాడే మనిషిని. పిట్టల శాస్త్రం కాలేజీలో చదవలేదు. కట్టల మీద తిరిగి, గొర్లకాపర్లను అడిగి, దొరికిన పుస్తకం చదివి నేర్చుకున్నదే చెప్తాండా.

ముందు సముద్రం ఒడ్డు సంగతి చూద్దాం. కాకినాడ దగ్గర గోదావరి తెచ్చిన ఒండ్రు వందల ఏండ్లుగా పేరుకుంది. అలల దెబ్బ తగలకుండా హోప్ ఐలాండ్ అడ్డం ఉంది, పక్కన కోరింగ మడ అడవి ఉంది. సముద్రం ఆటుకు వెనక్కి పోయినప్పుడు మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది. ఆ బురదలో పురుగులు, గుల్లలు, చిన్న పీతలు ఉంటాయి. పొడుగు ముక్కు ఉల్లంకి పిట్టలు వేల మైళ్ల నుంచి ఎగిరొచ్చేది ఆ కూడు కోసమే. పోటు వస్తే ఒడ్డుకు జరుగుతాయి, ఆటు వస్తే మళ్లీ దిగుతాయి. రేవు పడవలకు ఎట్లనో, ఆ బురద పిట్టలకు అట్ల.

ఇవి వచ్చే దారికి మధ్య ఆసియా వలస దారి అని పేరు. ఉత్తరాన మంచు సముద్రం దగ్గర మొదలై 30 దేశాల మీదుగా మన హిందూ మహాసముద్రం దాకా వస్తుంది. ఆ దారి సముద్రం ఒడ్డు పట్టుకునే పోదు, దక్కను మీద కూడా ఉండాది. వేల మైళ్ల ప్రయాణంలో ఆగి నాలుగు మెతుకులు తినేదానికి చోటు కావల్ల. సముద్రం లేని మన సీమలో ఆ చోటు చెరువే.

ఇంక మన చెరువు ఎట్ల పనిచేస్తుందో చూడండి. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే కురిసేసి, మనకాడికి వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. ఈశాన్యం బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. అందుకే మనకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టే వాన. అయితే దాంట్లో కొసరు కాలం ఒకటుంది. అన్నిటికంటే ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. పెద్దోళ్ల లెక్కలో ఉత్తర, హస్త, చిత్త కార్తెలు. వంకలు పారేది, చెరువు నిండేది, దేవుడు చల్లగా చూస్తే మరవ పారేది అప్పుడే. సరిగ్గా అదే కాలానికి పైనుంచి పిట్టల వలస మొదలైతుంది.

చెరువు నిండినాక రోజురోజుకూ నీళ్లు ఒడ్డు నుంచి లోపలికి జరుగుతాయి. జరిగినంత మేరా తడి బురద, అందులో పురుగులు, నత్తలు, చేపపిల్లలు. కాకినాడలో ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు. మన చెరువులో ఏడాదికి ఒక్కసారే. కొన్నేండ్లు అదీ రాదు. తేడా అంతే.

ఎవరెవరు వస్తారు? తల మీద రెండు నల్ల గీతలుండే బాతు ఒకటి వస్తుంది. పుట్టేది టిబెట్, లద్దాఖ్, మంగోలియా సరస్సుల దగ్గర. చలికాలానికి హిమాలయాలు దాటి వస్తుంది. దీనికి పరికరం కట్టి కొలిస్తే 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు తేలింది. మన పక్కనే కర్నాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకు ఇవి గుంపులుగా వస్తాయి. పగలు నీళ్లలో ఉండి, రాత్రిళ్లు చేలల్లో మేస్తాయి. వీటితో పాటు రకరకాల చిన్న బాతులు, ఉల్లంకి పిట్టలు, తోకాడించే పిట్టలు వస్తాయి.

చెరువులోనే కాదు, చేలమీద కూడా చూడండి. జొన్న, సజ్జ వేసే కాలంలో గుంపుగా వాలే గులాబీ గోరింకలు మధ్య ఆసియావే. మన తాతలు మంచె ఎక్కి వడిసెలతో తోలింది వీటినే. కంకులు తింటాయనేది నిజమే, మిడతల్ని కూడా తింటాయనేదీ నిజమే. బీళ్ల మీద తక్కువ ఎత్తులో, నేలను వెతుక్కుంటా పోయే సన్నపాటి గద్దలుంటాయి. వాటి వేట మిడతలు, ఎలుకలు, చిన్న పిట్టలు. రాత్రి చెట్టు మీద పడుకోవు, బోదలో నేలమీదే పడుకుంటాయి. బీడు దున్నేస్తే వాటి పడకే పోయినట్టు. మన కాగితాల్లో మాత్రం ఆ బీడు "పనికిరాని భూమి".

ఇప్పుడు వీరాపురం సంగతి. చిలమత్తూరు మండలం, ముందు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఊరి నడుమ చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. ఊరోళ్లు ఎవర్నీ చెయ్యి వెయ్యనియ్యరు. వేటగాడు వస్తే వెనక్కి తోలుతారు. అవి రాకపోతే ఆ ఏడు మంచిది కాదనుకుంటారు. ఏ చట్టమూ చెప్పకముందే నేర్చుకున్న మర్యాద ఇది.

ఈ కొంగల్ని అందరూ "సైబీరియా కొంగలు" అంటారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా ఇదే మాట. ఈ మాట నిజం కాదు. ఎర్రకాళ్ల కొంగ సైబీరియా ముఖం కూడా చూడలేదు. మన దేశం, చుట్టుపక్కల దేశాల పిట్ట ఇది. నీళ్లు, చేపలు యాడుంటే ఆడికి తిరుగుతుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఉండాది, మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో ఉండాది, మన వీరాపురంలోనూ ఉండాది.

పేరులో ఏముందిలే అనుకోవద్దు. ఈడ చానా ఉంది. సైబీరియాది అంటే అది చుట్టం. వస్తే సంతోషం, రాకపోతే "ఆడ ఏమైందో ఏమో" అని చేతులు దులుపుకోవచ్చు. మనదే అంటే లెక్క మారుతుంది. అది రాలేదంటే తప్పు సైబీరియాది కాదు, మన చెరువులది.

ఎట్లంటే, ఆ కొంగ తిండి తినే తీరు చూడండి. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ ఆడిస్తుంది. చేప తగిలితే టక్కున మూస్తుంది. కంటితో వెతికేదానికంటే ముక్కుకు తగిలేదే దానికి ముఖ్యం. అందుకని దానికి మోకాటి లోతు నీళ్లు కావల్ల. నిలువెత్తు లోతున్న రిజర్వాయరు నడుమ దానికి పని లేదు. గుడ్డు పొదిగేదానికి నెల, పిల్ల ఎగిరేదానికి ఇంకో రెండు నెలలు. అంతకాలం చుట్టుపక్కల చెరువుల్లో చేప దొరకల్ల. హస్త, చిత్త వానలకు చెరువులు నిండి ఉంటేనే చలికాలం పోయేటప్పుడు వీరాపురం చింతచెట్ల మీద గూడు నిలబడుతుంది. అక్టోబరులో చెరువును చూసినోడు కొంగల ఏడు ఎట్లుంటుందో ముందే చెప్పగలడు. అదే చూపుతో తన బోరు ఎట్లుంటుందో కూడా చెప్పగలడు. రెండింటికీ నీళ్లు ఒకటే.

అట్లని సైబీరియా పిట్ట మనకు లేదనుకునేరు, ఉండాది. పేరు అముర్ డేగ. పావురం కంటే చిన్నది. తూర్పు సైబీరియా, ఉత్తర చైనాల్లో పుట్టి ఆఫ్రికా దక్షిణానికి పోతుంది. అక్టోబరు, నవంబరుల్లో నాగాలాండ్‌లో ఆగి, అక్కడి నుంచి మన దేశం మీదుగా అరేబియా సముద్రం దాటుతుంది. 2012లో నాగాలాండ్ దోయాంగ్ రిజర్వాయరు దగ్గర వీటిని వలలేసి వేలకు వేలు చంపినారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడు ఆ ఊర్లోళ్లే వేట ఆపేసినారు. 2013లో మూడు డేగలకు ఉపగ్రహ పరికరం కట్టి వాటి దారి చూసినారు. అసలైన సైబీరియా చుట్టం దక్కను మీద నుంచి పోతాంటే మనం తలెత్తి చూడం, మన ఇంటి కొంగకేమో సైబీరియా అని పేరు పెడతాం.

చూసినోళ్లు రాసి పెట్టకపోతే ఏమైతుందో చెప్పేదానికి కలివికోడి కథ చాలు. 1900లో మన అనంతపురం ప్రాంతంలో కనపడిందని ఒక తెల్లదొర రాసినాడు. ఆ తర్వాత 86 ఏండ్లు కాగితం మీద దాని జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి అడివిలో మళ్లీ దొరికింది. దొరికిందంటే ఆడి జనం సాయంతోనే. పుస్తకాల్లో చచ్చిపోయిన పిట్ట మన జనం కండ్లలో బతికే ఉంది. ఆ ఎనభై ఆరేండ్లలో అనంతపురం కంపల్లో అది ఎన్నాళ్లు ఉందో, ఎప్పుడు పోయిందో చెప్పే ఒక్క కాగితం లేదు. మన నోటి మాటలు మనతోనే పోయినాయి.

ఇప్పుడు పోతాండేది పిట్టలు మాత్రమే కాదు, అవి వాలే చోటు కూడా. వంకల్ని పూడ్చి ప్లాట్లు వేస్తాండారు. చెరువు నిండా కంపచెట్లు, ఒడ్డున ఇంటి చెత్త. మన్ను తవ్వేటోళ్లు రైతు పొలానికి పూడిక తోలితే మంచిదే, బావుల మాదిరి నిట్టనిలువు గుంతలు చేసి పోతే ఒడ్డూ ఉండదు, బురదా ఉండదు. పశువు దిగినా ప్రమాదమే. నీళ్లకు దారి లేకుండా చేస్తే ఏమైతుందో 2022 అక్టోబరులో అనంతపురం టౌనే చూసింది. నడిమివంక పొంగి కాలనీలు మునిగిపోయినాయి. ఎండకు ఎండేదీ, వానకు మునిగేదీ మనమే.

పక్షులు ముఖ్యమా, రైతు ముఖ్యమా అని కొందరు అడుగుతారు. ఇది పక్కదారి పట్టించే ప్రశ్న. కొంగ వాలిన చెరువు కింద బోరు పారుతుంది. రైతు వలస పోయిన ఊర్లో కొంగ కూడా ఉండదు. గాలిమరలు, సోలారు వద్దని కూడా నేను అనను, కరెంటు మనకూ కావల్ల. యాడ పెడతాండారు, ఆ బీడు మీద ఏమేమి బతుకుతాండాయి, గొర్లు యాడికి పోవల్ల అని పెట్టకముందే అడగల్ల. అడిగేదానికి చేతిలో లెక్క ఉండల్ల.

ఆ లెక్క తయారు చేసేది మీరే. ఫోను ఉంది, చూపు ఉంది. మెర్లిన్ అనే యాప్ ఉచితమే. ఇండియా పిట్టల ప్యాకు ముందే దించుకుంటే సిగ్నలు లేని చోట కూడా పిట్టను గుర్తుపట్టేదానికి సాయం చేస్తుంది. చూసింది ఈబర్డ్‌లో ఎక్కిస్తే ప్రపంచంలో యాడున్నోళ్లకైనా కనపడుతుంది. నీటిపిట్టల్ని ప్రతి జనవరిలో లెక్కపెట్టే ఆసియా గణన 1987 నుంచి నడుస్తాంది. మన ఊరి చెరువును దాంట్లో చేర్చుకోవచ్చు.

పద్ధతి మాత్రం తెలుసుకోండి. పొద్దు పొడిచేటప్పుడు పోండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండేట్టు కట్ట మీద నిలబడండి. దగ్గరికి పోయి గుంపును లేపొద్దు. వేల మైళ్లు ఎగిరొచ్చిన పిట్టకు ఒక్కసారి ఉలిక్కిపడి లేచేదే పెద్ద ఖర్చు. గూళ్ల కింద అరుపులు, టపాకాయలు, డ్రోన్లు వద్దు. గొర్లకాపరి కనపడితే కూర్చోబెట్టి అడగండి, ఆయన చెప్పిన పేరు ఆయన చెప్పినట్టే రాసుకోండి. యాప్‌లో లేని పేరు ఆయన నోట్లో ఉంటుంది. ఎవరన్నా వల వేస్తాంటే 1972 వన్యప్రాణి చట్టం ఉందని చెప్పండి, వినకపోతే అటవీశాఖకు ఫోను చెయ్యండి.

రాసుకున్న లెక్కతో గ్రామసభకు పోండి. చెరువులు, మేతభూములు ఊరందరివీ, ఆక్రమణలు తీసెయ్యల్లని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. తీర్పు చేతిలో ఉన్నా, "ఆడ చెరువే లేదు, ఎండిన గుంత" అని ఎవడో ఒకడు అంటాడు. అప్పుడు మీ నోటుబుక్కు తెరవల్ల. ఫలానా తేదీన నీళ్లు మరవ దాకా ఉండె, ఇన్ని బాతులు, ఇన్ని కొంగలు దిగె అని చూపించల్ల. పిట్టకు ఓటు లేదు, సాక్ష్యం మాత్రం ఉంది.

దసరా నుంచి సంక్రాంతి దాకా వారానికొకసారి, ఒకే చెరువు, ఒకే కట్ట. తేదీ, చెరువు పేరు, నీళ్లు యాడిదాకా ఉండాయి, ఏ పిట్ట, ఎన్ని. ఈ ఐదు రాస్తే చాలు. పేరు తెలియని పిట్టకు కాళ్ల రంగు, ముక్కు పొడుగు రాయండి, పేరు తర్వాత కనుక్కోవచ్చు. ఈ ఆదివారం మీ ఊరి చెరువుతోనే మొదలుపెట్టండి. నీళ్లు లేకపోతే లేవనే రాయండి, అది కూడా లెక్కే.