భూమి చుట్టూ కనిపించని కవచం.. సూర్యుడి గాలి ఢీకొడితే ఏం జరుగుతుందంటే? టీవీ శాటిలైట్లకు ముప్పు ఎందుకు?

మీరు ఈ లైన్ చదివేలోపు సూర్యుడి నుంచి వచ్చే గాలి వెయ్యి కిలోమీటర్లు దాటేసి ఉంటుంది. ఇది మనకు తెలిసిన గాలి కాదు. ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లతో నిండిన ప్లాస్మా. వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. మరి భూమిని నేరుగా ఎందుకు తాకట్లేదు? మధ్యలో మన అయస్కాంత క్షేత్రం అడ్డుగా ఉంది కాబట్టి!

ముందు షాక్.. తర్వాత పక్కదారి

వరదలో వంతెన స్తంభాన్ని ఎప్పుడైనా గమనించారా? నీళ్లు స్తంభం ముందు ఎగదన్ని, రెండు పక్కలకూ చీలిపోతాయి. భూమికి సుమారు 90 వేల కిలోమీటర్ల దూరంలో ఇలాంటిదే జరుగుతుంది. సౌరగాలి అక్కడ ఒక్కసారిగా నెమ్మదించి వేడెక్కుతుంది. దీన్నే 'బో షాక్' అంటారు.

విచిత్రం ఏంటంటే.. అక్కడ కణాలు చాలా పల్చగా ఉంటాయి. ఒకదాన్నొకటి ఢీకొట్టుకోవు. విద్యుత్, అయస్కాంత తరంగాలే వాటికి బ్రేక్ వేస్తాయి. ఇంకా లోపలికి, దాదాపు 65 వేల కిలోమీటర్ల దగ్గర అసలు సరిహద్దు 'మాగ్నెటోపాజ్' ఉంటుంది.

అలలు, సుడులు.. పక్షుల కిచకిచలు

చెరువు మీద గాలి వీస్తే అలలు లేచినట్టే, ఈ సరిహద్దు అంచుల్లోనూ అలలు పుడతాయి. కొన్ని వేల కిలోమీటర్ల సుడులుగా మారి, కొంత ప్లాస్మాను లోపలికి లాగేస్తాయి. లోపల 'కోరస్' తరంగాలూ ఉంటాయి. ఆ సిగ్నల్‌ను సౌండ్‌గా మార్చి వింటే.. అచ్చం తెల్లవారుజామున పక్షులు కూసినట్టే!

వినడానికి బాగుంటుంది కానీ..

ఈ కోరస్ తరంగాలే ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగానికి తోసేస్తాయి. అందుకే వాటికి 'కిల్లర్ ఎలక్ట్రాన్లు' అని పేరు. ఇవి శాటిలైట్ లోపలికి దూసుకెళ్లి, చార్జ్ పేరుకుపోయేలా చేస్తాయి. దాంతో సర్క్యూట్లు దెబ్బతినొచ్చు. మన డీటీహెచ్ శాటిలైట్లు ఉండేది 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, అంటే ఈ ఎలక్ట్రాన్లు తిరిగే ఏరియాలోనే. పెద్ద సౌర తుఫాను వస్తే మాగ్నెటోపాజ్ ఇంకా లోపలికి నొక్కుకుపోయి, శాటిలైట్లు కవచం బయటే ఉండిపోవచ్చు. 2024 మేలో రెండు దశాబ్దాల్లోనే అతిపెద్ద తుఫాను వచ్చింది. అప్పుడు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబారింది.

శ్రీహరికోట నుంచి నిఘా

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కాపలా కాస్తోంది. సౌరగాలి ముందు దాన్ని దాటాకే మన దగ్గరకొస్తుంది. అంటే మామూలు వేగంలో గంట ముందే కబురు అందుతుంది. తుఫాను వేగంగా వస్తే టైమ్ ఇంకా తక్కువే. శాటిలైట్లను సేఫ్ మోడ్‌లో పెట్టాలంటే ఆ కొద్ది నిమిషాలే కీలకం.