కచేరీకి ఏ డిస్కు మంచిది?

కొన్నేళ్ల క్రితం మా సంఘం ఉగాది సభలో ఒక వృద్ధ విద్వాంసురాలి వీణ కచేరీ జరిగింది. ఆమె వయస్సు ఎనభై దాటింది. మరల ఈ దేశానికి రాగలరన్న ఆశ ఎవరికీ లేదు. ధ్వనిముద్రణ బాధ్యత నాకప్పగించారు. ఇంటికి వచ్చి వింటే కల్యాణి స్వరకల్పనలో మూడు చోట్ల నాదం తెగిపోయింది. మైకులలోనూ, తీగలలోనూ లోపం లేదు. లాప్‌టాపును లౌడ్‌స్పీకరు పెట్టె మీద పెట్టినవాడిని నేనే. దానిలో ఉన్నది తిరిగే హార్డ్‌డిస్కు.

అటువంటి డిస్కులో అద్దంవంటి పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. దానికి కొద్ది నానోమీటర్ల ఎత్తున వ్రాతమొన తేలుతూ ఉంటుంది. పెట్టె కంపిస్తే మొన దారి తప్పుతుంది. దారి దొరికేదాకా వ్రాత ఆగుతుంది. అంతవరకు శబ్దాన్ని కంప్యూటరు తన జ్ఞాపకంలో నిలువ ఉంచుతుంది. ఆ నిలువ నిండితే తరువాతి స్వరాలు శాశ్వతంగా పోతాయి. 2008లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజనీరు డిస్కుల ముందు గట్టిగా అరచి, ఆ అరుపుకే అవి మందగించడం వీడియోలో చూపారు. ఇక స్పీకరులోంచి వచ్చే మృదంగనాదం మాట చెప్పాలా?

ఇంతకీ ఎంత వేగం కావాలి? సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు చొప్పున ఒక మైకుకు 1,44,000 బైట్లు. ఎనిమిది మైకులకు సుమారు 1.15 మెగాబైట్లు. మూడు గంటల కచేరీకి దాదాపు 12.4 గిగాబైట్లు. పాత డిస్కు కూడా ఇంతకు అనేక రెట్లు వ్రాయగలదు. కనుక ముద్రణకు కావలసింది అమితవేగం కాదు, అంతరాయం లేని వ్రాత.

వేదికపై కీబోర్డు వాయించేవారి అవసరం వేరు. ఒక్కొక్క స్వరపు నమూనా డిస్కులో ఒక్కొక్క చోట ఉంటుంది. తిరిగే డిస్కులో ఆ చోటు మొన కిందికి రావడానికి సగటున 5.6 మిల్లీసెకన్లు పడుతుంది. మొన కదలడానికి పట్టే కాలం దీనికి అదనం. పది వేళ్లు ఒకేసారి అడిగితే ఆలస్యం పేరుకుపోతుంది. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. ఈ రెండు చిక్కులనూ తీరుస్తుంది. దానిలో సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. ఎన్.వి.ఎం.ఇ. రకం అంతకన్నా వేగవంతమైనదే కాని, మన పనికి మొదటిది చాలు. ఒక టెరాబైటులో పైన లెక్కించిన కచేరీలు ఎనభై పడతాయి. ధర అనుకూలిస్తే గదికి నాలుగు బిట్లు వ్రాసే క్యు.ఎల్.సి. కన్న, మూడు బిట్ల టి.ఎల్.సి. మేలు, అది ఎక్కువసార్లు వ్రాయడానికి ఓర్చుకుంటుంది.

అయితే రసాయన శాస్త్రజ్ఞుడిగా ఒక హెచ్చరిక. ఎస్.ఎస్.డి.లో సమాచారమంటే పలుచని సిలికాన్ ఆక్సైడు గోడ వెనుక బందీలైన ఎలక్ట్రానులే. వ్రాసినకొద్దీ ఆ గోడ అరుగుతుంది. వేడి పెరిగితే, రసాయనచర్యల మాదిరిగానే, ఎలక్ట్రానుల పలాయనమూ వేగం పుంజుకుంటుంది. నిర్దేశించిన వ్రాత ఆయుష్షు ముగిసిన గృహవినియోగపు డ్రైవు, విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక సంవత్సరం సమాచారం నిలిపితే చాలునని జెడెక్ ప్రమాణం చెబుతుంది. కొత్తది అంతకన్నా ఎక్కువకాలం నిలుపుతుంది. అయినా దానినే ఏకైక భాండాగారంగా అలమారులో దాచవద్దు. ఎండలో కారులో అసలే వదలవద్దు.

నా సలహా ఇది. ముద్రణకు, వాద్యానికి ఎస్.ఎస్.డి. వాడండి. ఊడిపోయే కేబులు కన్న లాప్‌టాపు లోపలి డ్రైవు నమ్మదగినది. కచేరీ ముగిసిన రాత్రే రెండు ప్రతులు తీయండి. భద్రపరచడానికి చవకైన హార్డ్‌డిస్కు ఇప్పటికీ తగినదే. అయస్కాంతపు వ్రాత నిలవడానికి విద్యుత్తు అక్కరలేదు. ఒక ప్రతి వేరొకరి ఇంట ఉంచండి. ఏడాదికొకసారి తెరచి వినండి.

ఆ విద్వాంసురాలు ఇప్పుడు లేరు. ఆ కల్యాణిలో మూడు ఖాళీలు అలాగే ఉన్నాయి. మీ పిల్లల తొలి కచేరీకి, మీ గురువుల చివరి కచేరీకి అటువంటి లోటు రాకూడదనే ఈ నాలుగు మాటలు.