చిరంజీవి యను బండి

1900వ సంవత్సరమున, ఆస్ట్రియా చక్రవర్తి యాస్థానమునకు గుఱ్ఱపు బగ్గీలు కట్టి యిచ్చుటలో పేరుపడిన వియన్నా నగరపు లోనర్ కార్ఖానాలో, ఇరువదియైదేండ్ల యువకుడొకడు తాను నిర్మించిన మోటారు బండికి లాటిను భాషలో ‘సెంపెర్ వివుస్’ అని పేరు పెట్టెను. ఆ పేరును మన యింటి మాటలోనికి తెచ్చుకొన్నచో ‘చిరంజీవి’ యగును. ఆ యువకుడు ఫెర్డినాండ్ పోర్షె. ఆ బండి నేడు మన షోరూములలో హైబ్రిడ్ అను పేర అమ్ముడగుచున్న కార్లకెల్ల మూలపురుషుడు. అంతటి పేరు పెట్టుకొన్న బండి యెంతో కాలము నిలువలేదు. దానిలోని యూహ మాత్రము పట్టాలపైకి పోయి, ప్రయోగశాలలలో దాగి, తొంబదియేడేండ్లకు జపాను దేశమున మఱల వీధిలోనికి వచ్చినది. ఈనాడు ఆ బండిని కొని యింటిముందు నిలుపుకొన్నవానికి కలుగు లాభనష్టములు రెండును ఆ ప్రయాణమునందే యిమిడి యున్నవి గనుక, కథను మొదటినుండి చెప్పుకొనుటయే మేలు.

పోర్షె మొదట చేసినది కేవల విద్యుద్రథము. ముందు చక్రముల నాభియందే మోటార్లను బిగించి, గొలుసులతోను గేర్లతోను పని లేకుండ జేసిన ఆ వాహనము 1900లో పారిస్ ప్రదర్శనమున జనులను అబ్బురపఱచినది. కాని దానికి ప్రాణమైన సీసపు బ్యాటరీయే దానికి శాపమునైనది. ఒక ఆంగ్లేయుడు కోరి చేయించుకొన్న నాలుగు మోటార్ల బండిలో బ్యాటరీ తూకమే 1800 కిలోలు. మోయవలసిన మనుష్యులకంటె మోతకై తెచ్చిన సరంజామాయే పలు రెట్లు బరువు. అప్పుడు పోర్షె బ్యాటరీని చాలవఱకు తగ్గించి, ఆ చోట దె దియోఁ బుతోఁ కంపెనీవారి చిన్న పెట్రోలు ఇంజనులు రెండింటిని నిలిపి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క జనరేటరును తగిలించెను. ఇంజనునకును చక్రమునకును నడుమ ఇనుప బంధ మేదియు లేదు. ఇంజను కరెంటును పుట్టించును, ఆ కరెంటుతో చక్రములు తిరుగును, మిగిలినది బ్యాటరీలో చేరును. చిరంజీవి యనగా నిదియే: దారిలో నడుచుచునే తన యాహారము తాను వండుకొను బండి.

అది మరుగుపడుటకు కారణము దానిలోని లోపముకంటె లోకములోని మార్పు. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్-టి పెట్రోలు కారును సామాన్యునకు చేరువ చేసినది. ఇంజనును మేల్కొల్పుటకు ముందు నిలిచి హ్యాండిల్ త్రిప్పవలసిన బాధ, ఒక్కొక్కసారి అది వెనుకకు తన్ని మణికట్టు విఱుగు ప్రమాదము, 1912లో కాడిలాక్ కారునకు చార్లెస్ కెటరింగ్ అమర్చిన విద్యుత్ స్టార్టరుతో తీఱిపోయినవి. విద్యుద్బండ్లకు ఉండిన పెద్ద గొప్ప అట్లు పోవుటకు కారణమైనదియు ఒక చిన్న విద్యుత్ మోటారే యగుట విధి విలాసము. 1917 ప్రాంతమున చికాగోలో వుడ్స్ కంపెనీవారు రెండు శక్తుల కారు నొకదానిని అమ్మజూచిరి. వేగము చాలక, ధర యెక్కువై, అదియు కనుమఱుగైనది.

వీధినుండి వెడలగొట్టబడిన యూహ రైలు పట్టాలపై తల దాచుకొన్నది. వారణాసిలో 1964 నుండి తయారైన డీజిలు లోకోమోటివులను కాజీపేట షెడ్డులోను గుత్తి షెడ్డులోను చూచినవారు మనలో పెక్కుమంది యుందురు. వానిలో డీజిలు ఇంజను చక్రములను త్రిప్పదు. జనరేటరును మాత్రమే త్రిప్పును, ఇరుసులపై నున్న మోటార్లు రైలును లాగును. అచ్చముగా పోర్షె పద్ధతి, ఒక్క బ్యాటరీ తక్కువ. ఆ తక్కువ యెంత నష్టమో యేటవాలు దిగునపుడు తెలియును. వాలులో ఆ మోటార్లనే జనరేటర్లుగా మార్చి రైలునకు పగ్గము వేయుదురు. అట్లు పుట్టిన కరెంటును దాచుకొను చోటు లేక, తీగచుట్టలలోనికి పంపి యెఱ్ఱగా కాల్చి, ఫ్యానులతో ఆ వేడిని ఆకాశమునకు ధారపోయుదురు. వేలకొలది టన్నుల రైలు పరుగు ఆ విధముగా వేడిగాలియై పోవుచుండెను.

ఈ ధారపోతయే మన కార్లలోను జరుగుచున్నది, కనబడకుండ. 1300 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నప్పుడు దానియందు సుమారు 180 కిలోజౌళ్ల గతిశక్తి యుండును. ఇంజను తాను త్రాగిన పెట్రోలులో నాల్గవ వంతును మాత్రమే పనిగా మార్చగలదనుకొన్నచో, ఆ వేగమును సంపాదించుటకు 20 మిల్లీలీటర్లకు పైగా, అనగా నాలుగు చెంచాల పెట్రోలు, ఖర్చగును. సిగ్నలు ఎఱ్ఱబడినది, బ్రేకు త్రొక్కితిమి, ఆ నాలుగు చెంచాలును బ్రేకు డిస్కుల వేడియై గాలిలో కలిసినవి. పచ్చదీపము వెలుగగనే మఱి నాలుగు చెంచాలు. మన పల్లెలలో బియ్యము కడిగిన నీటినైనను పారబోయక కుడితితొట్టిలో పోసి గేదెకు పెట్టు ఇల్లాండ్రు ఈ లెక్క విన్నచో ముక్కున వ్రేలు వేసికొందురు. హైబ్రిడ్ కారులోని బ్యాటరీ ఆ కుడితితొట్టి వంటిదే. బ్రేకు త్రొక్కినపుడు మోటారు జనరేటరుగా మాఱి, పోవుచున్న వేగములో సుమారు సగమును పట్టి తొట్టిలో పోయును. కదలునపుడు దానినే తోడి వాడుకొనును. క్రొత్తగా శక్తిని పుట్టించు మాయ యందేమియు లేదు. పారబోయకుండుటయే దాని విద్య.

1973 నాటి చమురు సంకటకాలమున అమెరికాలో విక్టర్ వోక్ అను ఇంజనీరు 1972 నాటి బ్యూయిక్ కారు నొకదానిని హైబ్రిడ్‌గా మార్చి ప్రభుత్వ పరీక్షకు పెట్టెను. పరీక్షలు జరిగినవి, పథకము 1976లో ముగిసిపోయినది, కారు మూలబడినది. ఆయన అన్న హెర్మన్ వోక్ ప్రసిద్ధ నవలాకారుడు. తమ్ముని కథయే నవలకు తగియుండెను.

అసలైన పునర్జన్మము టొయోటా వారిది. 1993లో వారు ‘జి-21’ అను పేర, రాబోవు శతాబ్దమునకు తగిన కారేదో యోచింప నొక చిన్న బృందమును కూర్చిరి. దానికి నాయకుడైన తకేషీ ఉచియమాదా అంతవఱకు కార్లలోని రొదను, అదురును తగ్గించు పనిలో ఆరితేరినవాడే గాని, ఒక పూర్తి కారును తీర్చిదిద్దినవాడు కాడు. మైలేజీని సగము పెంచిన చాలునని ఆయన తలచెను; పైవారు రెండింతలు కావలెననిరి. ఎంత చక్కగా చెక్కినను మామూలు ఇంజనుతో అది పొసగదని తేలిన పిమ్మట, 80కి పైగా హైబ్రిడ్ నమూనాలను కాగితముపై తూచి, ఒకదానిని ఏరుకొనిరి. 1995 అక్టోబరులో టోక్యో ప్రదర్శనమున అందమైన నమూనాను నిలిపిరి గాని, అసలు బండి చేసి చూచునప్పటికి, అది కదలలేదు. ఒక దినము గాదు, రెండు దినములు గాదు, 49 దినములు ఆ కారు చోటువిడువక కూర్చుండెను. లోపము యంత్రమునందా, విద్యుత్పరికరములందా, రెంటిని ఏలు కంప్యూటరునందా యని వెదకి వెదకి, తుదకు కదలించిరి. కదలినది కొన్ని వందల మీటర్లు మాత్రమే. అట్టి కారు రెండేండ్లలో, 1997 డిసెంబరులో, 21 లక్షల 50 వేల యెన్‌లకు జపాను వీధులలో అమ్మకమునకు వచ్చినది. దాని పేరు ప్రియస్; లాటినులో ‘ముందుగా’ అని యర్థము. తొలి హైబ్రిడ్‌కును ఈ హైబ్రిడ్‌కును లాటినే పేరిడుట యాదృచ్ఛికమే గాని వినుటకు బాగున్నది.

ప్రియస్ గుండె యొక గేర్ల పెట్టె, దానిని గ్రహచక్రమందురు. నడుమ 30 పండ్ల సూర్యచక్రము, దాని చుట్టును పరిభ్రమించు చిన్న గ్రహములు, వాని నావరించి 78 పండ్ల వలయము. గ్రహములను మోయు చట్రమును ఇంజను త్రిప్పును. సూర్యునకు చిన్న జనరేటరు తగిలియుండును. వలయమునకు పెద్ద మోటారును, కారు చక్రములును. ఇంజను బలము ఆ పండ్ల లెక్క చొప్పున 72 పాళ్లు వలయమునకు, 28 పాళ్లు సూర్యునకు చీలిపోవును. జనరేటరు వేగమును హెచ్చించి తగ్గించి, క్లచ్చి లేకయే, గేర్లు మార్చకయే, ఇంజనును దానికి హితమైన వేగముననే తిరుగనిత్తురు. ఇంతకు మించి కదలు భాగములు లేవు. చూచుటకు తికమకగా నున్నను, మామూలు ఆటోమేటిక్ గేరుపెట్టెకంటె ఇది సులభమైన నిర్మాణము, మన్నికయు నెక్కువ.

దీనికి జతపఱచిన ఇంజను మఱియొక పాత యూహ. 1882లో జేమ్స్ అట్కిన్‌సన్ అను ఇంగ్లీషువాడు, మండిన వాయువును ఎక్కువసేపు వ్యాకోచింపనిచ్చి దానినుండి మఱింత పని పిండు పద్ధతిని కనిపెట్టెను. దానికి పొదుపు మెండు, మెల్లని వేగమున బలము తక్కువ. అందుచే కార్లలో దాని నెవ్వరును ఆదరింపలేదు. మోటారు సంగతి తలక్రిందులు: నిలిచిన చోటినుండి లాగుటలో దానికి సాటి లేదు, దూరము పోవుటకు తగిన బ్యాటరీ లేదు. మన శాస్త్రములలో పంగ్వంధన్యాయమని యొకటి గలదు: గ్రుడ్డివాని భుజములపై కుంటివాడెక్కి, ఒకరి కాళ్లతోను ఒకరి కన్నులతోను ఇద్దఱును ఊరు చేరుదురు. హైబ్రిడ్‌ను రెండు పడవలపై కాలిడినవానితో పోల్చినవారు ఈ న్యాయమును మఱచిరని నా తలంపు.

ఇక కొన్నవాని సంగతి. నగరములో, గంటకు పదిసార్లు ఆగి కదలువానికి ఇది నిజముగా ప్రసాదము. నా మేనల్లుడు దిల్‌సుఖ్‌నగర్ నుండి హైటెక్ సిటీకి అట్టి కారులో నిత్యము పోవును. సిగ్నలు వద్ద ఇంజను ఆగియున్నను ఏసీ చల్లగా వీచుచుండును. ఎడమకాలికి క్లచ్చి పోటు లేదు. బ్రేకు ప్యాడ్లు అరుగుట లేదు. మూడవ అంతస్తు వాటానుండి తీగ లాగి చార్జింగు పెట్టు పాటు లేదు. ఇదే కారు హైవే ఎక్కి 90 వేగమున నిలకడగా పోయినచో దాని విద్య చాలవఱకు వట్టిదగును. అచ్చట శత్రువు బ్రేకు గాదు, గాలి. గాలిని చీల్చుటకు వ్యయమైన శక్తిని ఏ బ్యాటరీయు తిరిగి పట్టలేదు.

లెక్క వేసి చూతము. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చు మామూలు కారును, 25 ఇచ్చు హైబ్రిడ్‌ను ఎదురెదుట నిలిపి, పెట్రోలు 107 రూపాయలు, ధరలో తేడా రెండున్నర లక్షలు అని పెట్టుకొందము. ఏటికి 10,000 కిలోమీటర్లు తిరుగువానికి సుమారు 16,600 రూపాయలు మిగులును. తేడా తీఱుటకు 15 ఏండ్లు. 25,000 తిరుగువానికి ఆఱేండ్లు చాలును. పెద్ద బ్యాటరీకి సాధారణముగా 8 ఏండ్ల వారంటీ యిచ్చుచున్నారు గనుక, మొదటివాడు పొదుపును బ్యాటరీతో పందెమొడ్డి సంపాదింపవలెను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినపుడు హైబ్రిడ్‌పై సెస్సుతో గూడి 43 శాతము పన్ను పడుట ఆ తేడాను ఎక్కువ చేసినది; అప్పుడు బ్యాటరీ కార్లపై 12 శాతమే యుండెను. తక్కిన చికాకులు చిల్లరవి గాని లేకపోలేదు: బ్యాటరీ చోటు తినుటచే డిక్కీ చిన్నదగును, వీధి చివరి మెకానిక్ నారింజరంగు తీగలను చూచి చేయి పెట్టడు, వెనుక సీటు చెంత బ్యాటరీకి గాలి పోవు జల్లెడ నొకదానిని, నా మేనల్లుని యింటివారు బియ్యపు సంచి యానించి మూసివేయగా, రెండు దినములు హెచ్చరిక దీపము వెలిగినది. అమెరికాలోను ఇంగ్లండులోను దొంగలు ప్రియస్ క్రింద దూఱి పొగగొట్టములోని కాటలిటిక్ కన్వర్టరును కోసుకొనిపోవుచుందురు. ఇంజను తక్కువగా మండుటచే అందలి రోడియము, పల్లాడియము వంటి లోహములు చెడక మిగిలియుండునట.

కొనువాడు మఱొకటి గమనింపవలెను. హైబ్రిడ్ అను అక్షరములు వెనుక తలుపుపై నున్నంతమాత్రమున అది హైబ్రిడ్ కాదు. చిన్న బెల్టు మోటారుతో ఇంజనునకు కొంచెము చేయూత నిచ్చుటయే గాని, చక్రములను తానొక్కటే త్రిప్పలేని ‘మైల్డ్’ రకము లున్నవి. వానియందు హైబ్రిడ్ నేతిబీరకాయలో నెయ్యి వంటిది.

మొన్న వేసవిలో ఆ మేనల్లునితో తిరుమల పోయి, దిగుచుంటిమి. తిరుమల తిరుపతికంటె సుమారు 700 మీటర్లు ఎత్తు. మనుష్యులతో గూడి 1600 కిలోలైన కారు ఆ యెత్తు దిగునపుడు సుమారు 3 యూనిట్ల శక్తిని వదలును. అందులో టైర్ల రాపిడి కొంత మ్రింగినను, మిగిలినదానిని పట్టుటకు ఆ బ్యాటరీలో ఒక్క యూనిటు చోటైనను లేదు. కొన్ని మలుపులు దిగునప్పటికే తెరపై బ్యాటరీ బొమ్మ నిండినది. మఱుక్షణము, కాలు పెడలుపై లేకుండగనే, ఇంజను బిగ్గఱగా అఱచినది. “మామయ్యా, నేనేం తొక్కలేదు, అదే అరుస్తోంది!” అని వాడు కంగారుపడెను. తొట్టి నిండినదిరా, ఇక నీ యింజను పెట్రోలు త్రాగకయే తిరిగి బండిని నిలుపుచున్నది, కుడితి పొర్లిపోవుచున్నది, అని నేను చెప్పితిని. గుత్తి షెడ్డు లోకోమోటివు తన నెత్తిపై చేసిన పనినే యీ కారు బానెట్టు క్రింద చేయుచుండెను. అలిపిరి చేరునప్పటికి మైలేజీ మీటరు 99.9 చూపుచున్నది. వాడు కారాపి, ఆ యంకెకు ఫొటో తీసి, మిత్రుల కందఱకు పంపెను. ఉదయము కొండ యెక్కునపుడు అదే మీటరు 9 చూపినది. దానికి ఫొటో లేదు.