భుజాన సంచి, బస్సులో బడి

ధర్మపురిలో మన పిల్లలకు తెలుగు కనిపించేది పుస్తకంలోనే. బస్సు మీద, అంగడి మీద ఉండేది తమిళం. అందుకే ‘ఈ చదువు ఎక్కడ పనికొస్తుంది?’ అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఒక్కరోజు కుప్పం పంపి చూడమని మేము ఉపాధ్యాయులం చెబుతాం.

దీనికి ప్రత్యేక బస్సు, వేల రూపాయలు అక్కర్లేదు. కృష్ణగిరి సుమారు 45 కిలోమీటర్లు. అక్కడ బస్సు మారితే కుప్పం. తమిళనాడు ప్రభుత్వ బస్సుల్లో 5 నుంచి 12 ఏళ్ల వారికి సగం టికెట్టే. బడిసంచిలో పులిహోర పొట్లం, నీళ్ల సీసా, నోటుపుస్తకం చాలు. తెల్లవారి బయలుదేరితే రాత్రి బస ఖర్చూ ఉండదు.

సరిహద్దు దాటగానే బోర్డుల మీద అక్షరాలు మారతాయి. వాటిని చదివి రాసుకోవడమే ఆ రోజు పాఠం. టికెట్టు అడగడం, టీ కొనడం పిల్లలకే వదలాలి. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉంది. బడి తరఫున ముందే ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని చూపిస్తే, తెలుగులో పై చదువులు కూడా ఉన్నాయని పిల్లలకు కళ్లారా తెలుస్తుంది.

ఆడపిల్లలను పంపడానికి జంకే ఇళ్లున్నాయి. అమ్మలు ఇద్దరు ముగ్గురు తోడొస్తే ఆ బెరుకు తీరుతుంది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలోనే తేదీ అనుకుందాం.