కాకి వాలింది – పండు రాలింది

నెమలిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వాళ్ళంతా ఊరికి కొత్తవాళ్ళే. కొత్తవాళ్ళయితే దొంగలేనా? కారు గదా!

కానీ 2018 మే నెలలో పక్కనున్న తెలంగాణలో ఒక పుకారు వ్యాపించింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయట! వాట్సాప్‌లో ఆ మాట ఊరూరా పాకింది. జనం కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశారు. కొన్నిచోట్ల కొత్తవాళ్ళను పట్టుకుని కొట్టారు. కొందరు చనిపోయారు. జులై 1న మహారాష్ట్రలోని రైన్‌పాడలో అయిదుగుర్ని కొట్టి చంపారు. వాళ్ళు దొంగలు కారు. అడుక్కుని బతికే సంచారజాతి వాళ్ళు.

పుకార్లను ఎందుకు నమ్ముతాం?

పొద్దున వీధిలో కొత్తమనిషి కనిపిస్తాడు. సాయంత్రం పిల్లవాడు ఆటలో పడి ఆలస్యంగా ఇంటికొస్తాడు. ఈ రెంటికీ సంబంధం లేదు. కానీ భయపడ్డ మనసు రెంటినీ ముడిపెడుతుంది. కాకి వాలగానే తాటిపండు రాలుతుంది. కాకి వాలినందుకే రాలిందా? కాదు. పండింది కాబట్టి రాలింది. దీన్నే కాకతాళీయం అంటారు.

మరి ఎవర్ని నమ్మాలి?

అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారి రెమా రాజేశ్వరి. ఆమె పోలీసుల్ని పల్లెలకు పంపారు. వాళ్ళు డప్పు కొట్టి, పాటలు పాడి నిజం చెప్పారు. అడిగినవాళ్ళకు జవాబిచ్చారు. అక్కడ ఈ పుకారుకు ఒక్క ప్రాణం కూడా పోలేదు.

చెప్పేవాళ్ళు నాయకులైనా, సినిమావాళ్ళైనా, ఫోన్‌లో మాటైనా పరీక్ష ఒకటే. చెప్పిందెవరు? కళ్ళారా చూశారా? రుజువేది? తప్పని తేలితే ఒప్పుకుంటారా?

జవాబు లేని మాటను ఇంకొకరికి పంపకండి. అనుమానం వస్తే చెయ్యి ఎత్తకండి. 112కు ఫోన్ చెయ్యండి.