ఇంజను ఆయిలు మోతాదు మించుట

కారు ఇంజను అడుగున గల ఆయిల్ చాంబరులో నూనె, డిప్‌స్టిక్ మీది గరిష్ఠ గీతను దాటి ఉండుటను '''ఇంజను ఆయిలు మోతాదు మించుట''' అంటారు. కొన్ని కార్లలో నూనె మట్టాన్ని కొలిచే సెన్సారు ఉండి, డ్రైవరు ముందు హెచ్చరిక కనబడుతుంది. చాలా కార్లలో ఈ ఏర్పాటు లేదు. ఎర్రగా వెలిగే నూనెడబ్బా గుర్తు సాధారణంగా ఆయిలు పీడనం తగ్గినదని తెలుపుతుందే కాని, నూనె ఎక్కువైనదని కాదు. ఈ తేడా తెలియక, దీపం వెలిగినదే తడవుగా మరికొంత నూనె పోయువారు కలరు.

== కలిగే నష్టం ==

మట్టం బాగా పెరిగినచో, నిమిషానికి వేలసార్లు తిరిగే క్రాంక్‌షాఫ్టు నూనెను తాకి, కవ్వం మజ్జిగను చిలికినట్లు చిలుకుతుంది. నూనెలో గాలి చేరి నురగ ఏర్పడుతుంది. నురగను ఆయిలు పంపు సరిగా తోడలేదు. బేరింగుల నడుమ ఉండవలసిన నూనెపొర తెగి లోహాలు ఒరుసుకుంటాయి. అనగా నూనె ఎక్కువైనను, తక్కువైనను చివరకు కలిగే కీడు ఒకటే. సీళ్ళ వద్ద కారుట, సైలెన్సరు నుండి నీలిపొగ వచ్చుట ఇతర లక్షణాలు. డీజిలు ఇంజనులో అరుదుగా ఈ నూనె సిలిండర్లలోకి చేరి ఇంధనంగా మండి, తాళంచెవి తిప్పి ఆపినను ఇంజను ఆగకపోవచ్చును. గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు మించినంతమాత్రాన కంగారు పడనక్కరలేదు.

== కారణాలు ==

ఎక్కువగా ఇది పోసినవారి పొరపాటే. ఇంజను ఆపిన వెంటనే కొలిచినచో నూనె ఇంకా పైభాగాలలోనే ఉండి మట్టం తక్కువగా కనబడుతుంది. నెల్లూరు తీరాన మైపాడు, కోడూరు వంటి చోట్ల నేల చదునైనదే అయినను, గట్టుమీద వేసిన రోడ్డు అంచున ఒరిగి నిలిచిన కారులో కొలత తప్పుతుంది.

2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాల డీజిలు కార్లలో మరొక కారణం గలదు. పొగమసిని పట్టే ఫిల్టరును కాల్చి శుభ్రపరచుటకు ఇంజను అదనపు డీజిలు చిమ్ముతుంది. ఊరిలోనే కొద్దిదూరాలు తిరిగే కారులో ఈ పని మధ్యలో ఆగి, కొంత డీజిలు నూనెలో కలిసి మట్టం పెరుగుతుంది.

మూడవది నీరు, తీరవాసులు దీనినే ముఖ్యంగా గమనించవలెను. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు వద్ద 16వ జాతీయ రహదారిని, పడుగుపాడు వద్ద రైలుమార్గాన్ని తెంచివేసింది. అటువంటి వరదలో మునిగిన కారు డిప్‌స్టిక్‌పై నూనె పెరిగి, పాలు కలిపిన కాఫీ రంగులో కనబడినచో అది మోతాదు మించుట కాదు, నీరు చేరుట. ఆ ఇంజనును ఒక్కసారి కూడా స్టార్టు చేయరాదు. పైపై నూనె తీసి మట్టం సరిచేసిన ప్రయోజనం లేదు. నీరు అడుగునే మిగులుతుంది. కారును లాగించి గారేజికి చేర్చవలెను.

== సరిచేయు విధానం ==

ఇంజను ఆపి, చదునైన చోట పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి రెండుసార్లు కొలవవలెను. కనిష్ఠ, గరిష్ఠ గీతల నడుమ దూరం చాలా కార్లలో సుమారు 1 లీటరు. దీనిని బట్టి తీయవలసినది అంచనా వేయవచ్చును. డ్రెయిన్ నట్టు వదులు చేసి తీయుట కష్టం, వేడినూనె చేతిపై పడుతుంది. డిప్‌స్టిక్ గొట్టం గుండా సన్నని పైపు దింపి పెద్ద సిరంజితో కొద్దికొద్దిగా లాగుట సులువు. తీసిన నూనెను రొయ్యల చెరువుల కాలువలలోను, బకింగ్‌హాం కాలువలోను పారబోయక, డబ్బాలో పట్టి గారేజికి ఇవ్వవలెను. నూనెలో డీజిలు కలిసినచో కొంత తీసిన చాలదు, పలుచబడిన నూనె మొత్తం మార్చవలెను.

కొన్ని రోజులు నడిపిన పిమ్మట మరల కొలవవలెను. ఏమీ పోయకనే మట్టం మళ్ళీ పెరిగినచో డీజిలుగాని, రేడియేటరు నీరుగాని నూనెలోకి దిగుతున్నదని గ్రహించి ఇంజనును పరీక్ష చేయించవలెను.